టీవీ డైరీ రాయడం ఎలా: మొదటి గీత నుంచి నాలుగో వారం లెక్క దాకా

టీవీలో ఎవరు, ఎప్పుడు, ఏం చూశారో రాసుకునే డైరీ మా ఇంట్లో ఉందని తెలిశాక ‘ఎలా రాయాలి’ అని అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. బెంగళూరు కుందలహళ్ళిలో మా అపార్ట్‌మెంట్‌లోనే మూడిళ్ళవాళ్ళు మొదలుపెట్టి, వారం తిరక్కుండానే మానేశారు. ముగ్గురి పొరపాటూ ఒకటే. రాత్రి పడుకునే ముందు కూర్చుని, పొద్దుటి నుంచి ఏమేం చూశామో గుర్తు తెచ్చుకుంటూ రాశారు. టీవీ డైరీ అలా రాస్తే నిలవదు. పాలవాడి లెక్క క్యాలెండర్ మీద ఏ పూటకాపూట గీసుకున్నట్టు, ఇదీ ఎప్పటిదప్పుడు పడిపోవాలి.

కింద రాసింది ఇల్లంతా కలిసి రాసుకునే పద్ధతి. పీజీలో ఒక్కరే ఉండేవాళ్ళు ‘ఎవరు’ అన్న గడి తీసేసి, మిగతాదంతా ఇలాగే చేసుకోవచ్చు.

1. ముందు ఒక ప్రశ్న రాసుకోండి

నోటుబుక్కు మొదటి పేజీలో, ఈ డైరీ వల్ల మీకు ఏం తెలియాలో ఒక్క వాక్యంలో రాయండి. ‘మేం డబ్బు కడుతున్న ఛానళ్ళలో ఎన్ని చూస్తున్నాం?’ ‘నాకు రాత్రి నిద్ర ఎందుకు ఆలస్యమవుతోంది?’ ‘పిల్లలు నిజంగా ఎంతసేపు చూస్తున్నారు?’ ఇలా ఏదో ఒకటి.

‘టీవీ తగ్గించాలి’ అని మాత్రం రాయకండి. అది ప్రశ్న కాదు, తీర్పు. తీర్పు ముందే రాసుకుంటే మొదటి రోజు నుంచే చూడటం తగ్గించేస్తారు. అప్పుడు పుస్తకంలో మీ అలవాటు కనబడదు, మీ పట్టుదల కనబడుతుంది. అది పది రోజులకు జారిపోయాక మీ దగ్గర పనికొచ్చే లెక్క ఒక్కటీ మిగలదు. మొదటి రెండు వారాలు ఎప్పుడూ చూసినట్టే చూడండి. రాత్రి ఒంటిగంట దాకా చూశారా, ఒంటిగంట అనే రాయండి.

ఇంట్లో అందరికీ ముందే చెప్పండి. ముఖ్యంగా పెద్దవాళ్ళకు. ‘నువ్వెంత చూస్తున్నావో పట్టుకోవడానికి కాదమ్మా, అందరం రాస్తున్నాం, నేనూ రాస్తున్నాను’ అని చెప్పి, మొదటి గీత మీరే వేయండి. ఒకరు చూస్తుంటే ఇంకొకరు చాటుగా రాసే డైరీ వల్ల గొడవ తప్ప ఏమీ రాదు.

2. సరంజామా

ఎక్కువేం అక్కర్లేదు.

□ గీతల లాంగ్ నోటుబుక్కు ఒకటి. రెండో గదిలోనూ టీవీ ఉంటే దానికి వేరే పుస్తకం.
□ దారంతో పుస్తకానికి కట్టిన పెన్ను. కట్టకపోతే మూడో రోజుకు కనబడదు.
□ సోఫాలోంచి కనిపించే గోడగడియారం.
□ రిమోట్ పెట్టే చోటు ఒకటి, పుస్తకం దాని కిందే.

నాలుగోది చాలా ముఖ్యం. రిమోట్ తీయాలంటే పుస్తకం మీద చెయ్యి పడాలి. మా ఇంట్లో డైరీ నిలబడటానికి సగం కారణం ఇదే.

ఫోన్లో రాసుకోవచ్చు కదా అంటారు. వద్దు. సమయం రాయడానికి తీసిన ఫోన్ పది నిమిషాల తర్వాత గానీ చేతిలోంచి దిగదు. పైగా పెద్దవాళ్ళూ పిల్లలూ డైరీలో లేకుండా పోతారు. ఎక్సెల్‌లోకి ఎక్కించాలంటే వారం చివర ఎక్కించుకోండి.

3. గళ్ళు గీయడం

ఒక్కో పేజీ ఒక్కో రోజుకు. అడ్డంగా ఎనిమిది గళ్ళు:

• మొదలు (గంట, నిమిషం)
• ముగింపు
• ఛానల్ లేదా యాప్
• ఏమిటి (సీరియల్, వార్తలు, మ్యాచ్, సినిమా, కార్టూన్…)
• భాష
• ఎవరు, ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు లేచారు
• దృష్టి
• ఎందుకు పెట్టాం / ఎందుకు ఆపాం

భాష గడి బెంగళూరులో ఉండే మనలాంటి ఇళ్ళకోసం. తెలుగు ఛానళ్ళు అమ్మకు, కన్నడ కార్టూన్లు పిల్లలకు, హిందీ వార్తలు ఆయనకు, ఇంగ్లీషు కామెంటరీ ఇంకొకరికి. ఎవరికి వారు ‘నేను చూసేది కొంచెమే’ అనుకుంటారు. ఏ భాషకు ఎంత సమయం పోతోందో ఈ గడి లేకపోతే తేలదు.

దృష్టి గడిలో మూడే గుర్తులు. ‘పూ’ అంటే కూర్చుని పూర్తిగా చూశారు. ‘స’ అంటే సగం: చేతిలో ఫోన్ ఉంది, లేదా ఒళ్ళో అనపకాయల చాట ఉంది. ‘వి’ అంటే వినడమే, మనిషి వంటింట్లోనో బాల్కనీలోనో ఉంది. నాలుగో గుర్తు పెట్టకండి. గుర్తులు పెరిగితే ఏది వేయాలా అని ఆలోచన మొదలవుతుంది, ఆలోచిస్తూ కూర్చుంటే గీత పడదు.

చివరి గడి అన్నిటికన్నా విలువైనది. దానికి ఎక్కువ చోటు వదలండి. గంటలు ఎవరైనా లెక్కపెట్టగలరు. టీవీ ఎందుకు పెట్టాం, ఎందుకు ఆపాం అన్నది ఆ క్షణంలో రాస్తే తప్ప తర్వాత ఎవరికీ గుర్తుండదు. పెట్టినందుకు: కార్యక్రమం కోసం, తినేటప్పుడు, అలవాటు, తోడు, ఇంకొకరు పెట్టారు. ఆపినందుకు: అయిపోయింది, విసుగు, నిద్ర, పని, కరెంటు. ఇవి ఉదాహరణలే, మీ మాటల్లో రాసుకోండి.

4. రాసే పద్ధతి

రెండే రెండు క్షణాల్లో రాయాలి: రిమోట్ తీసినప్పుడు, రిమోట్ పెట్టినప్పుడు. తీసినప్పుడు సమయం, ఎందుకో రాయండి. పెట్టినప్పుడు మిగతావి నింపండి. ఒక్కోసారికి అర నిమిషం కూడా పట్టదు.

ఇక కొంచెం చిక్కుగా ఉండే సంగతులు.

టీవీ నడవడం వేరు, మనిషి చూడటం వేరు. టీవీ రేటింగులు లెక్కగట్టే బార్క్ సంస్థ మీటరు పెట్టిన ఇళ్ళలో ఒక్కొక్కరికీ ఒక్కో బటన్ ఇస్తుంది. టీవీ ముందుకొచ్చినవాళ్ళు తమ బటన్ నొక్కాలి, లేచి వెళ్ళేటప్పుడూ నొక్కాలి. ఏ ఛానల్ నడుస్తోందో మీటరే పట్టుకుంటుంది, ఎదురుగా ఎవరున్నారో మనిషి చెప్పాల్సిందే. మన పుస్తకంలో ‘ఎవరు’ గడి ఆ బటన్ లాంటిది. టీవీ 7:05 నుంచి 8:00 దాకా నడిచి, మీరు 7:20 నుంచి 7:40 దాకే కూర్చుంటే రెండూ రాయాలి.

అయిదు నిమిషాల నియమం. ఏ ఛానల్లోనైనా అయిదు నిమిషాలు ఆగితేనే దానికి వరుస. అమెరికాలో టీవీ రేటింగుల సంస్థ నీల్సన్ కాగితపు డైరీల్లో రోజును 15 నిమిషాల ముక్కలుగా కోసి, ముక్కలో కనీసం అయిదు నిమిషాలు చూస్తేనే లెక్కలోకి తీసుకునేవారు. మనకు 15 నిమిషాల ముక్కలు అక్కర్లేదు గానీ ఆ అయిదు నిమిషాల కొలత మంచిది.

ఛానళ్ళు తిప్పడం. ఎక్కడా అయిదు నిమిషాలు ఆగకుండా తిప్పుతూనే ఉంటే ‘తిప్పడం – 25 నిమిషాలు’ అని ఒకే వరుస రాయండి. గుర్తు తెచ్చుకుని రాసే డైరీల్లో మొట్టమొదట మాయమయ్యేది ఇదే. ఇష్టమైన సీరియల్ అందరికీ గుర్తుంటుంది, ఊరికే తిప్పిన అరగంట ఎవరికీ గుర్తుండదు.

యాడ్స్. యాడ్స్ వచ్చినప్పుడల్లా వరుస ముగించకండి, సమయంలోంచి తీసేయకండి. కేబుల్ టెలివిజన్ నిబంధనల ప్రకారం ఛానళ్ళు గంటకు 12 నిమిషాల దాకా వేసుకోవచ్చు. అదీ మన సమయమే. యాడ్స్‌లో వేరే ఛానల్‌కు వెళ్ళి అక్కడే అయిదు నిమిషాలు దాటితే అప్పుడు కొత్త వరుస.

అర్ధరాత్రి దాటితే. రాత్రి 11:40కి మొదలైంది 12:30కి అయినా మొదలైన రోజు పేజీలోనే రాయండి.

పిల్లలు. గడియారం చూడటం వచ్చిన పిల్లలు తమ వరుస తామే రాసుకోవాలి. అక్షరాలు వంకరపోయినా సరే, మీరు దిద్దకండి. చిన్నవాళ్ళకు అప్పుడు దగ్గరున్న పెద్దవాళ్ళు రాయాలి. ఆఫీసు నుంచి వచ్చి ‘ఎంతసేపు చూశావురా’ అని అడిగి రాయడం వద్దు. పిల్లలకు భయమేస్తే అంకె మారిపోతుంది.

5. ఒక రోజు పేజీ ఎలా ఉంటుందంటే

ఇది మా ఇంటి బుధవారం. అమ్మ, నేను, మా ఆయన ఉంటాం. కార్యక్రమాల పేర్లు తీసేసి రాస్తున్నాను.

ఉదయం 7:05–8:00. వార్తలు, తెలుగు. అమ్మ (వి), నేను 7:20–7:40 (స). పెట్టింది: అలవాటు. ఆపింది: ఆఫీసుకు టైమైంది.

10:50–12:40. నిన్నటి సీరియళ్ళు మళ్ళీ, తెలుగు. అమ్మ (వి). పెట్టింది: (కింద చెప్తాను). ఆపింది: వంటయింది.

రాత్రి 8:50–9:30. సీరియల్, తెలుగు. అమ్మ (పూ), నేను (స). పెట్టింది: అమ్మ చూస్తుంది కదా అని. ఆపింది: అయిపోయింది.

9:30–10:25. మ్యాచ్, ఇంగ్లీషు. నేను (పూ), ఆయన (పూ). పెట్టింది: మ్యాచ్ కోసం. ఆపింది: అయిపోయింది.

10:25–11:15. యూట్యూబ్, వంటల వీడియోలు, కలగాపులగం. నేను (స). పెట్టింది: ఊరికే. ఆపింది: నిద్ర.

కూడితే టీవీ నడిచింది 310 నిమిషాలు, అంటే 5 గంటల 10 నిమిషాలు. నేను ఎదురుగా ఉన్నది 165 నిమిషాలు. మనసు పెట్టి చూసింది 55 నిమిషాలు. మూడంకెలూ ఒకే రోజువి. ‘రోజుకు ఎంత చూస్తావ్?’ అని ఆ రోజు నన్నెవరైనా అడిగితే గంట అని చెప్పేదాన్ని. అది అబద్ధమేం కాదు, నాకు గుర్తున్నది ఆ గంటే.

ఆ 10:50 వరుస దగ్గర నేను చాలాసేపు ఆగాను. అమ్మ మదనపల్లె నుంచి మా దగ్గరికొచ్చి రెండేళ్ళు. రాత్రి చూసిన సీరియల్‌నే పొద్దున మళ్ళీ పెడుతుంటే సీరియళ్ళ పిచ్చి అనుకునేదాన్ని. డైరీ రెండో వారంలో ఆ వరుస చివరి గడిలో అమ్మ తన ఒత్తయిన అక్షరాలతో రాసిన మాట ఇది: ‘ఇంట్లో మనిషి గొంతు ఉండాలని.’ దృష్టి గడిలో ‘వి’. మేమిద్దరం పొద్దున పోతే చీకటి పడ్డాకే వస్తాం. కింద ఫ్లోర్లో అందరూ కన్నడమో హిందీయో మాట్లాడతారు. ఆ గంటా యాభై నిమిషాలూ అమ్మ సీరియల్ చూడటం లేదు, తెలుగు వింటోంది. చివరి గడికి ఎక్కువ చోటు వదలమన్నది ఇందుకే.

6. యాప్‌ల లెక్కతో సరిచూసుకోవడం

ఓటీటీ, యూట్యూబ్ వాడే ఇళ్ళలో వారానికోసారి యాప్‌లలో ఉండే చిట్టాతో పుస్తకాన్ని పోల్చుకోండి. పుస్తకం బదులు ఆ చిట్టా వాడుకుంటే చాలదా అంటే, చాలదు.

నెట్‌ఫ్లిక్స్‌లో బ్రౌజర్ నుంచి అకౌంట్‌లోకి వెళ్ళి, మీ ప్రొఫైల్ కింద ‘వ్యూయింగ్ యాక్టివిటీ’ తెరిస్తే చూసినవన్నీ తేదీలతో కనిపిస్తాయి, డౌన్‌లోడ్ కూడా చేసుకోవచ్చు. కానీ ఆ జాబితాలో పేరూ తేదీ తప్ప ఎన్ని నిమిషాలు చూశారో ఉండదు. ప్రైమ్ వీడియోలోనూ ‘వాచ్ హిస్టరీ’ ఉంటుంది. యూట్యూబ్ ఫోన్ యాప్‌లో గత 7 రోజులు ఎంతసేపు చూశారో కనిపిస్తుంది. అయితే వాచ్ హిస్టరీ ఆపేసి ఉంటే ఏమీ నమోదు కాదు. టీవీలో వేరే అకౌంట్‌తో లాగిన్ అయి ఉంటే అదీ ఇందులోకి రాదు.

పోల్చే ముందు:

□ ఇంట్లో అందరూ ఒకే ప్రొఫైల్ వాడుతుంటే ఎవరిది వాళ్ళకు విడదీయండి.
□ సోఫాలో నిద్రపోయాక ఆటోప్లే (ఒకటి అవగానే తర్వాతిది దానంతటదే మొదలవడం) నడిపించిన ఎపిసోడ్లను చిట్టాలో గుర్తుపట్టి, ‘చూడలేదు’ అని రాసుకోండి.
□ పుస్తకంలో లేనిది చిట్టాలో ఉంటే ఎర్ర పెన్నుతో చేర్చండి. పాత వరుసను కొట్టేయకండి.

ఎర్ర వరుసలు ఎక్కువగా ఏ పూట పడుతున్నాయో చూడండి. మీరు రాయడం మరిచిపోయే పూట అదే. మాకైతే రాత్రి పదిన్నర తర్వాత.

7. వారం లెక్క

వారాన్ని శనివారం మొదలుపెట్టి శుక్రవారం ముగించండి. బార్క్ వారం కూడా శనివారం నుంచి శుక్రవారం దాకానే. మనకు ఇందులో ఇంకో సౌకర్యం ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌లో పడి అలిసిపోయి వచ్చే రోజుల్లో కొత్త పని అలవాటు కాదు. శని, ఆదివారాలు ఇంట్లోనే ఉంటాం కాబట్టి ఆ రెండు రోజుల్లో చెయ్యి తిరుగుతుంది.

శుక్రవారం రాత్రి గానీ శనివారం పొద్దున కాఫీ తాగుతూ గానీ ఇవి తేల్చండి:

□ టీవీ మొత్తం ఎంతసేపు నడిచింది
□ ఒక్కొక్కరు ఎదురుగా ఎంతసేపు ఉన్నారు
□ అందులో ‘పూ’ ఎంత
□ ఏ భాషకు ఎంత
□ ‘ఎందుకు పెట్టాం’లో ఏ మాట ఎన్నిసార్లు వచ్చింది
□ ‘ఎందుకు ఆపాం’లో ‘నిద్ర’ ఎన్నిసార్లు, ‘అయిపోయింది’ ఎన్నిసార్లు

అన్నీ ముందు నిమిషాల్లో కూడి, చివర 60తో భాగించండి. గంటలూ నిమిషాలూ కలిపి కూడితే తప్పులు పడతాయి.

మొదటి వారం లెక్క చూసి ఏ నిర్ణయమూ తీసుకోకండి. మొదటి వారంలో ఇంటిల్లిపాదీ కొంచెం సర్దుకుని కూర్చుంటారు. నిజమైన లెక్క రెండో వారం నుంచి వస్తుంది.

8. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటికి మందు

*ఒక రోజు పూర్తిగా తప్పిపోయింది.* ఆ పేజీ మీద ‘రాయలేదు’ అని రాసి వదిలేయండి. ఊహించి నింపకండి. వారం సగటు తీసేటప్పుడు ఏడుతో కాకుండా రాసిన రోజుల సంఖ్యతో భాగించండి. తప్పింది శనివారమో ఆదివారమో అయితే ఆ వారాన్ని పక్కన పెట్టి ఇంకో వారం రాయండి. సెలవు రోజు లెక్క మామూలు రోజులకు దగ్గరగా ఉండదు.

*మొదలు సమయం ఉంది, ముగింపు లేదు.* అందరికీ జరిగేదే. తర్వాతి పనిని బట్టి పట్టుకోండి: ఎప్పుడు తిన్నారు, ఎవరికి ఫోన్ చేశారు. దొరికితే పక్కన చుక్క పెట్టి రాయండి. వారంలో చుక్కలు ఐదు దాటితే పుస్తకం ఉన్న చోటు మార్చాలి.

*టీవీ ఆపాం, బాక్స్ ఆపలేదు.* టీవీ రిమోట్‌తో తెర ఆపేసి సెట్ టాప్ బాక్స్ వదిలేస్తే అది అలా నడుస్తూనే ఉంటుంది. లెక్కలోకి తెర వెలిగిన సమయమే తీసుకోండి.

*చుట్టాలొచ్చారు.* ‘చుట్టాలు’ అని ఒక్క మాట రాయండి చాలు, వాళ్ళ పేర్లు అక్కర్లేదు. పండక్కి నలుగురొచ్చి సినిమా పెట్టిన రోజును మామూలు రోజులతో కలపకుండా పేజీ మూలన గుర్తు పెట్టండి.

*డైరీ చూసి దెబ్బలాట.* దీనికి ముందే ఒక నియమం పెట్టుకోవాలి: నాలుగు వారాలు అయ్యేదాకా ఎవరి వరుస గురించీ ఎవరూ మాట్లాడకూడదు. నేను ఒకసారి ఈ నియమం తప్పి, ‘మధ్యాహ్నం కూడా టీవీయేనా’ అన్నాను. తర్వాత మూడు రోజులు అమ్మ ఏమీ రాయలేదు. క్షమించమని అడిగాకే మళ్ళీ పెన్ను పట్టుకుంది. ఆ మూడు పేజీల్లో అమ్మ వరుసలు ఇంకా ఖాళీగానే ఉన్నాయి.

9. నాలుగో వారం తర్వాత

ఇప్పుడు మొదటి పేజీలోని ప్రశ్న దగ్గరకు వెళ్ళండి. దానికి జవాబు పుస్తకంలో ఎక్కడుంటుందో చూద్దాం.

బిల్లు ప్రశ్న అయితే ఛానల్ గడిని పట్టుకోండి. నాలుగు వారాల్లో ఒక్కసారైనా వచ్చిన ఛానళ్ళన్నీ ఒక కాగితం మీద రాయండి. మీ ప్యాక్‌లో ఉండి ఆ కాగితం మీద లేని పే ఛానళ్ళు (విడిగా డబ్బు కట్టేవి) తీసేయడానికి పనికొస్తాయి. 2019లో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ కొత్త విధానం అమల్లోకి వచ్చాక ఏ ఛానల్ ధర దానికి వేరుగా ఉంది, విడివిడిగా కూడా తీసుకోవచ్చు. అయితే మీరు రాసిన నెలలో క్రికెట్ లేకపోతే స్పోర్ట్స్ ఛానల్ కాగితం మీదకు రాదు. పిల్లలకు పరీక్షలైతే కార్టూన్లు రావు. తీసేసే ముందు కాగితాన్ని ఇంట్లో అందరికీ చూపించండి. విడివిడిగా తీసుకుంటే ఒక్కోసారి ప్యాక్ కన్నా ఎక్కువవుతుంది, కూడి చూసుకున్నాకే మార్చండి.

నిద్ర ప్రశ్న అయితే రోజూ చివరి వరుస ఒక్కటే చదవండి. నేను మ్యాచ్‌ల వల్ల ఆలస్యమవుతోందనుకున్నాను. నాలుగు వారాల చివరి వరుసలు చూస్తే మ్యాచ్ అయిపోయాక ‘ఊరికే’ అని మొదలుపెట్టి ‘నిద్ర’తో ఆపినవే ఎక్కువ. అందుకని మ్యాచ్ జోలికి పోలేదు. యూట్యూబ్‌లో ఆటోప్లే ఆపేశాను, చివరి బంతి పడగానే రిమోట్ పుస్తకం మీద పెట్టి గీత గీస్తున్నాను. మారింది ఇంతే, ఇప్పుడు ముప్పావు గంట ముందే పడుకుంటున్నాను.

పిల్లల ప్రశ్న అయితే గంటల కన్నా ముందు ‘ఎందుకు పెట్టాం’ చూడండి. అక్కడ ‘తినేటప్పుడు’ ఎక్కువగా ఉంటే మార్చాల్సింది భోజనాల దగ్గరి అలవాటు. ‘ఇంకొకరు పెట్టారు’ ఎక్కువగా ఉంటే పిల్లలతో మాట్లాడే ముందు పెద్దవాళ్ళు తమలో తాము మాట్లాడుకోవాలి.

ఒకసారికి ఒక్క మార్పే చేయండి. చేసి, రెండు వారాలు రాయండి. రెండు మూడు కలిపి మారిస్తే ఏది పనిచేసిందో పుస్తకం చెప్పలేదు.

ఆ తర్వాత రోజూ రాయాల్సిన పని లేదు. మూడు నెలలకోసారి ఒక వారం రాస్తే చాలు. ఆ వారం మొదలయ్యే శనివారం తేదీని ఇప్పుడే చివరి పేజీలో వేసి పెట్టుకోండి.

అమ్మ 10:50 వరుస సంగతి. దాన్ని తగ్గించాలని మేం చూడలేదు. పదకొండింటికి టీ తాగడానికి లేచినప్పుడు ఆఫీసు నుంచి ఫోన్ చేస్తున్నాను, పది నిమిషాలు. రెండో అంతస్తులో చిత్తూరు వైపు నుంచి వచ్చిన పెద్దావిడ ఒకరున్నారని తెలిసి, ఒక శనివారం పితికిపప్పు కూర పట్టుకుని ఇద్దరం వెళ్ళాం. పోయిన నెల రాసిన వారంలో ఆ వరుస ఐదు రోజుల్లో రెండు రోజులే పడింది. మిగిలిన మూడు రోజుల పేజీల్లో ఆ వేళకు అమ్మ ఒక గీత గీసి, దాని మీద ‘పైకి పోయినా’ అని రాసింది.